ఒక నొక్కు ఎక్కువ

మా అన్నకు చూపు లేదు. ఆయన పాటల డబ్బాకు మాత్రం అగ్గిపెట్టె అంత స్క్రీను ఉండేది. అది ఎంతసేపు వెలగాలో, ఎప్పుడు ఆరిపోవాలో ఆయన తరఫున డబ్బాకు చెప్పేది నేనే. ఒక సాయంత్రం డబ్బాలో నేను మార్చిన సంగతి గురించి, మార్చి అన్నకు చెప్పకుండా మింగేసిన ఒక్క మాట గురించి రాస్తున్నాను.

మాది హిందూపురం. దూదేకుల ఇల్లు. మా తాత విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగి దూది ఏకేవాడు. నాయన కాలానికి విల్లు అటకెక్కింది, మిషన్ వచ్చింది. బజారు వెనక సందులో ఇంటి ముందు వసారాలోనే పరుపులు కుట్టేవాళ్లం. అన్నకు పసితనంలోనే జ్వరం వచ్చి చూపు పోయింది. పరుపు సంచిలోకి దూది కూరడం ఆయన పని. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి మూలమూలకూ సర్దేవాడు. ఆయన కూరిన పరుపు మీద ఎటు పొర్లినా గడ్డ తగలదు. కండ్లున్న నేను కూరితే, నడుము పట్టిందని కొన్నవాళ్లు తిరిగొచ్చి తిట్టేవాళ్లు.

ఇంట్లో ఆయన కట్టె పట్టుకోడు, గోడ తాకడు. గడప నుంచి నీళ్లతొట్టికి, తొట్టి నుంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి నుంచి తన చాప దాకా అడుగుల లెక్క ఆయన తలలో ఉండేది. ఆ లెక్కే ఆయనకు చూపు. చిన్నప్పుడు నేను ముక్కాలిపీటను దాని చోటు నుంచి జానెడు జరిపి మూలన నిలబడేవాణ్ని. అన్న వచ్చి మోకాలు కొట్టుకునేవాడు. నేను నవ్వేవాణ్ని. నాది ముక్కులో మొదలై గొంతులో తెగిపోయే నవ్వు, ఎంత ఆపుకున్నా బయటికి వస్తుంది.

"నువ్వేలే, తెలుసు" అని మోకాలు రుద్దుకుంటూ పీటను మళ్లీ దాని చోటికి జరిపేవాడు. అమ్మకు చెప్పేవాడు కాదు. చెప్పడు గనక నాకు ఆ ఆట ఇంకా బాగుండేది.

ఫోము పరుపులు బజారును కమ్మేశాక మా వసారాలో పని తగ్గింది. అన్న గొంతు బాగుంటుంది. దూది నూగు మధ్య పెరిగినా ఆ గొంతుకు నూగు పట్టలేదు. రైల్లో పాడితే నాలుగు దుడ్లు వస్తాయని ఎవరో చెబితే నాయనకు నచ్చింది. హిందూపురంలో పొద్దున ప్యాసింజరు ఎక్కడం, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పెట్టె పెట్టెకూ పాడుకుంటూ పోవడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. ఆయన్ను తోడుకుని పోయే పని నా మీద పడింది.

"గుడ్డోని చెయ్యి పట్టుకొని తిరిగేదానికేనా నన్ను కాలేజీకి పంపిచ్చింది?" అన్నాను. అన్న అక్కడే కూర్చుని దూది కూరుతున్నాడు.

"కాలేజీకి పంపిస్తే ఏం తెచ్చినావు? సప్లిమెంటరీ తెచ్చినావు" అన్నాడు నాయన. "నోరు మూసుకొని పో."

అన్న చెయ్యి సంచిలో ఒక క్షణం ఆగి మళ్లీ కదిలింది.

డబ్బాను మొబైల్ షాపులో కొన్నాం. షాపువాడు దాన్ని ఎంపీ ఫోర్ ప్లేయర్ అన్నాడు, మా ఇంట్లో మాత్రం అది డబ్బానే. స్పీకరు దాంట్లోనే ఉంటుంది. మెడకు తగిలించుకోవచ్చు. గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉండే ట్రాకులు షాపువాడే కార్డులో ఎక్కించి ఇచ్చాడు. నేను బటన్లు నొక్కితే డబ్బా వాయించేది, అన్న పాడేవాడు. ఏ పెట్టెలో ఏ పాట పాడాలో ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు చెవి పెట్టి చెప్పేవాడు. పట్టు మూటలతో ధర్మవరం పోయేవాళ్లు కూర్చుంటే పాత పాటలు. పరీక్షల పిల్లలుంటే డ్యాన్సు పాటలు. మందుల వాసన వస్తే పుట్టపర్తి ఆసుపత్రికి పోయేవాళ్లని అర్థం, వాళ్లకు దేవుని పాటలు. ఆయన అంచనా తప్పేది కాదు.

నాకు మెల్లగా ఆ పని అలవాటైంది. అలవాటేమిటి, రుచి మరిగాను. సీజన్ పాసు మీద రోజూ పోయే ఆఫీసువాళ్లు నాకు కొంచెం జరిగి చోటిచ్చేవాళ్లు. టీ తాగించేవాళ్లు. పాడింది అన్న అయినా, "ఈ పిల్లోడు ఉండబట్టే" అని పెద్దాడవాళ్లు నా తల నిమిరేవాళ్లు. ఆ మాట నాకు బాగుండేది.

ఒక ఆదివారం అన్న సగం కుట్టిన పరుపు మీద కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు.

"రేయ్, నేను నొక్కుతా. ఏం వచ్చిందో నువ్వు చెప్పు."

కిందికి ఒకసారి నొక్కితే పాత పాటలు. రెండుసార్లకు డ్యాన్సువి. మూడుసార్లకు దేవునివి. నాలుగుసార్లకు అమ్మ పాటలు. తర్వాత మధ్య బటన్ నొక్కితే వాయిద్యం మొదలు. పాట అయిపోగానే డబ్బా దానంతటదే మళ్లీ లెక్క మొదటికి వచ్చి నిలబడేది. నేను ఒక్కసారి చెప్పాను. ఆయన రెండోసారి అడగలేదు. మధ్యాహ్నం అన్నం తినేలోపు ఏ పాట కావాలంటే ఆ పాట తీసి వినిపించాడు. అమ్మ అన్నం తట్టలో చెయ్యి పెట్టుకునే ఏడ్చింది.

"ఇంక వీడు రావాల్సిన పని లేదమ్మా" అన్నాడు అన్న. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "ప్యాసింజర్లో అందరూ తెలిసినోళ్లే. స్టేషన్ దాకా ఎవరన్నా దింపితే చాలు. నేనొక్కన్నే పోయొస్తా."

నాయన నా వైపు తిరిగాడు. "అయితే ఇంక నువ్వేం చేస్తావు?"

ఆ మాట ఆయన ఊరికే అన్నాడేమో. ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. కానీ మా ఇంట్లో పనికిరాని కొడుకు స్థానం ఒకటి ఉండేది. అందులో ఇన్నేండ్లూ అన్నను కూర్చోబెట్టి నేను చల్లగా ఉన్నాను. ఆయన లేచి వెళ్తున్నాడు. చోటు ఖాళీ అవుతోంది.

ఒక్క చిక్కు మిగిలింది. డబ్బా బ్యాటరీ పెనుకొండ దాటితే అయిపోయేది. నేను తోడు ఉన్నన్నాళ్లూ జేబులో పవర్ బ్యాంకు పెట్టుకుని వైరు తగిలించేవాణ్ని. ఒంటరిగా పోయేవాడికి వైరు వేలాడితే ఎవరి సంచికో తగులుకుంటుంది, లేకుంటే ఎవడైనా లాక్కుంటాడు. అన్న డబ్బాను నా చేతికిచ్చాడు.

"దీనికి ధర్మవరం దాకా ఊపిరుండేటట్ల చెయ్యి రా. నీకు ఇట్లాంటివి బాగా తెల్సు కదా."

షాపువాణ్ని అడిగాను. వాడు చూసి నవ్వాడు. "లైటు ఎప్పుడూ వెలిగేటట్ల పెట్టి ఉండాదన్నా. అమ్మేటప్పుడు జిగేల్మనాల కదా, నేనే పెట్టినా. చూసేటోనికి కండ్లే లేనప్పుడు వెలుగెందుకు, ఆపేయ్. బ్యాటరీ శానా మిగుల్తాది."

ఇంటికొచ్చి వసారాలో కూర్చుని సెట్టింగుల్లోకి పోయాను. స్క్రీను వెలుతురును అన్నిటికన్నా కిందికి దించాను. దానివల్ల అన్నకు నష్టమేమీ లేదు. తర్వాత స్క్రీను ఎంతసేపటికి ఆరిపోవాలి అని ఒక వరస ఉంది. 'ఎప్పుడూ ఆరొద్దు' అనే దాని మీద ఉంది, పది సెకన్లకు మార్చాను. ఏ పనీ లేకుండా ఊరికే ఉంటే డబ్బా దానంతటదే ఆగిపోయే వరస ఇంకొకటి. దాన్నీ అన్నిటికన్నా తక్కువలో పెట్టాను. ఇంతవరకు నేను చేసింది మంచి పనే. అన్న అడిగిన పనే.

పరీక్షకు ఒక పాట పెట్టి వదిలేశాను. స్క్రీను ఆరిపోయింది. పాట అయ్యాక దేవుని పాటల కోసం మూడుసార్లు నొక్కాను. డ్యాన్సు పాటలు వచ్చాయి. మళ్లీ చేశాను. మళ్లీ అదే. మూడోసారికి అర్థమైంది. స్క్రీను ఆరిపోయి ఉన్నప్పుడు మొదటి నొక్కు స్క్రీనును లేపడానికే పోతుంది. డబ్బా ఆ నొక్కును లెక్కలోకి తీసుకోదు. చూసేవాడికి ఇందులో ఇబ్బందేమీ లేదు, వెలుగొచ్చింది గదా అని ఇంకొకసారి నొక్కుతాడు. వెలుగు వచ్చిందో రాలేదో తెలియనివాడు మాత్రం ఒక నొక్కు వెనకబడతాడు.

అన్నకు ఒక్క మాట చెబితే సరిపోయేది. "పాట అయినాక ఒక నొక్కు ఎక్కువ నొక్కు." అంతే. ఆయన తలలో ఎన్నో లెక్కలుండేవి, ఇంకొకటి పెట్టుకోవడానికి ఆయనకు నిమిషం పట్టదు.

అన్న లోపలి నుంచి వచ్చాడు. "అయిందా?"

"అయింది. ధర్మవరం దాకా వస్తాది."

ఆయన డబ్బాను ఆన్ చేసి గబగబా నొక్కి చూసుకున్నాడు. ఆన్ చేసిన వెంటనే స్క్రీను వెలిగే ఉంటుంది గనక అన్నీ సరిగ్గా వచ్చాయి. "నువ్వు గట్టోనివిరా" అని నా వీపు తట్టాడు. నాకు అప్పటికే తెలుసు, ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చూసుకున్నా ఇట్లాగే సరిగ్గా వస్తుందని, రైల్లో మాత్రం రాదని. తెలిసే ఊరుకున్నాను.

ఒంటరిగా పోయే ముందు కొన్నాళ్లు నన్ను పక్కన ఉంచుకుని ఆయనే నొక్కుతానన్నాడు. మొదటి పాట సరిగ్గా వచ్చేది. రెండోది తప్పేది. అమ్మ పాట అనుకుంటే దేవుని పాట వచ్చేది. ఆయన ముఖం చిట్లించుకునేవాడు.

"ఏందిరా ఇది?"

"లెక్క తప్పినావన్నా" అని నేను డబ్బా తీసుకుని సరిచేసేవాణ్ని.

ఇంటికొచ్చి చాప మీద కూర్చుని గంటలు గంటలు నొక్కుకునేవాడు. ఇంట్లో పాటను చివరిదాకా పోనివ్వడు, స్క్రీను ఆరే సందు ఉండదు గనక ఒక్కటీ తప్పదు. "ఈడ బాగానే వస్తాంది కదమ్మా, ఆడికి పోతే యాల తప్పుతాంది?" అని అమ్మను అడిగేవాడు. అమ్మకేం తెలుసు, జనంలో బెదురు నాయనా అనేది. నాయన ఒకసారి విసుక్కుని, "వానికి కండ్లతో పాటు మతి కూడా పోతాంది, వదిలెయ్ రాదా" అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాను. ఆ మాటకు తలెత్తలేదు.

అయినా ఆయన పట్టు వదల్లేదు. తప్పితే తప్పింది, పోకుంటే ఎట్ల తెలుస్తుంది అన్నాడు. ఒక పొద్దున నేను ఆయన్ను హిందూపురం స్టేషన్లో పెట్టె ఎక్కించి, ఇంటికి పోతున్నానని చెప్పి దిగాను. దిగి వెనక పెట్టె ఎక్కాను. ఆయన మీద దిగులుతో ఎక్కానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి చూడాలనిపించింది.

రెండు పెట్టెల మధ్య సందులో, జనం వెనక నిలబడ్డాను. అన్న తలుపు దగ్గర ఒక పాత పాట పాడాడు. చక్కగా వచ్చింది. కొందరు చప్పట్లు కొట్టారు. ఆయన మెడ నిటారుగా పెట్టుకుని, ఒక్కో సీటు అంచును వేళ్లతో తాకుతూ లోపలికి నడిచాడు. పెనుకొండ దాటాం. ఒక సీటు మీద పరిగి దిక్కు పల్లెటూరి ముసలాయన పడుకుని ఉన్నాడు, పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. ఆయన భార్య అన్న చెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఒక దేవుని పాట పాడు సామీ. మా ముసిలోనికి పానం బాగలేదు, కండ్లు తెరస్తా లేడు."

"పాడతా అవ్వా" అన్నాడు అన్న. ఎంతో ప్రేమగా అన్నాడు. మూడుసార్లు నొక్కి, మధ్య బటన్ నొక్కాడు.

పెట్టె అదిరిపోయేలా తీన్మార్ డప్పులు మొదలయ్యాయి.

ముసలామె చెయ్యి తీసేసుకుంది. కాలేజీ పిల్లలు ఒక క్షణం నోళ్లు తెరుచుకుని చూసి, పగలబడ్డారు. అన్న నిలబడిపోయాడు. ఆయన నిలబడిన ఆ కాసేపట్లో స్క్రీను మళ్లీ ఆరిపోయింది. ఆపడానికి నొక్కాడు. ఆగలేదు. ఆ నొక్కు స్క్రీనును లేపడానికే పోయిందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. కంగారుగా రెండుసార్లు నొక్కాడు, ఆగి మళ్లీ మొదలైంది. ఒక పిల్లవాడు లేచి నడుము తిప్పాడు.

"ఆపప్పా! మా సావు మేము సస్తాంటే ఎగతాళి చేస్తాండావా?" అంది ముసలామె.

"లేదవ్వా, లేదవ్వా... తప్పొచ్చింది..."

స్పీకరును అరచేత్తో మూసుకున్నాడు. భుజం మీది టవలు తీసి అదిమాడు. డప్పులు టవలులోంచి మూలుగుతున్నట్టు వినిపించాయి. చివరికి ఏదో నొక్కుకు ఆగింది. వాయిద్యం లేకుండానే దేవుని పాట ఎత్తుకున్నాడు. పిల్లలు ఆ పాటకు డప్పు దరువు చప్పట్లు కొట్టారు. కిటికీ దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి, రోజూ మాకు టీ తాగించే సీజన్ పాసు మనిషి, గట్టిగా అన్నాడు:

"ఏమప్పా, నీకే అనుకుంటే నీ డబ్బాక్కూడా కండ్లు లేనట్లుండాయే!"

పెట్టె మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. ఆపుకుందామని చూశాను, ముక్కులోంచి వచ్చేసింది, గొంతులో తెగింది.

అన్న పాట ఆపేశాడు. ఆయన ముఖం అంత మంది నవ్వులను దాటుకుని సరిగ్గా నా వైపు తిరిగింది. కండ్లు లేని ముఖం అది, అయినా నేను తల పక్కకు తిప్పుకున్నాను.

ధర్మవరం ప్లాట్‌ఫారం మీద ఆయన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. జనం ఆయన చుట్టూ పాయలై పోతున్నారు. మెడలో డబ్బా దానంతటదే ఆగిపోయి ఉంది. నేను దగ్గరికి పోయి "అన్నా" అన్నాను.

"ఇంటికి పోలేదా?"

"మనసొప్పలేదు. వెనక పెట్టెలో ఎక్కినా."

"మా పెట్టెకు రాలేదా?"

"లేదు."

"నవ్వింది నువ్వు కాదా?"

"నేనెందుకు నవ్వుతానన్నా?"

"అచ్చం నీ మాదిరే నవ్వినాడు ఎవడో" అన్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. అంతకుముందు నడిచేటప్పుడు నా మోచేతి మీద రెండు వేళ్లు మాత్రం ఆనించేవాడు. ఆరోజు నా మణికట్టును మొత్తంగా పట్టుకున్నాడు.

నాకు కావాల్సింది నాకు దొరికింది. మళ్లీ నేనే నొక్కేవాణ్ని, ఆయన పాడేవాడు. డబ్బా వైపు ఆయన చెయ్యి పోవడం మానేసింది. కొత్తగా ఒకటి మొదలుపెట్టాడు. ప్రతి పెట్టెలో పాటకు ముందు నన్ను పొగిడేవాడు. "అందరికీ నమస్కారం. వీడు మా తమ్ముడు. నా కండ్లు వీడే. వీడు లేకుంటే నేను లేను." జనం నన్ను చూసి తలలూపేవాళ్లు. ఒకామె అరటిపండు చేతిలో పెట్టి, "ఇట్లాంటి తమ్ముడు ఎవరికుంటాడు నాయనా" అంది. తిన్నాను. మొదట ఆయన నన్ను పొడవడానికే అట్లా అంటున్నాడేమో అనుకున్నాను. అట్లాగైనా బాగుండేది. ఒకరోజు నాకు జలుబు చేసి, ఈపూట రానంటే ఆయన గొంతు మారిపోయింది. "రాకుంటే ఎట్లరా? నేనేమన్నా తప్పుగా మాట్లాడినానా? పొద్దున్నే నీకు ఇష్టమని అమ్మతో ఉగ్గాని చేపిచ్చినా కదరా" అన్నాడు. అప్పుడు తెలిసింది. నేను వదిలేసి పోతానని భయపడి నన్ను మంచి చేసుకుంటున్నాడు.

డబ్బాతో మొదలైంది డబ్బాతో ఆగలేదు. తన లెక్కల మీద ఆయనకు నమ్మకం పోయింది. ఇంట్లో గోడ తాకి నడవడం మొదలుపెట్టాడు. నీళ్లతొట్టి దగ్గర ఆగి, చెయ్యి ముందుకు చాచి వెతికేవాడు. పీట దాని చోటనే ఉన్నా, దాన్ని దాటే ముందు కాలితో తడిమేవాడు. నేను జరిపి నవ్విన రోజుల్లో కూడా ఆయన అట్లా తడిమింది లేదు. అమ్మ చూసి, "ఏమైంది నాయనా?" అంటే, "లెక్క మర్చిపోతాండానమ్మా" అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఎవరో పాతకాలం మనిషి దూది పరుపే కావాలని పని ఇచ్చాడు. అన్న కూరి, మూలలు సర్ది, చెయ్యి బయటికి తీసి నన్ను పిలిచాడు.

"రేయ్, ఒకసారి చూడు. గడ్డలు యాడన్నా ఉండాయేమో."

పుట్టినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినలేదు. నా చెయ్యి లోపల పెట్టాను. దూది నీళ్లలా సమంగా పరుచుకుని ఉంది. ఎక్కడా ఏమీ లేదు. బాగుందని చెప్పాను.

"నిజంగా చూసినావా?" అన్నాడు.

ఆ వారమంతా చెబుదామనుకుంటూ చెప్పలేకపోయాను. చెప్పింది పెనుకొండలో. మా ప్యాసింజరును ఆపి ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చారు. పెట్టె సగం ఖాళీ. అన్న కిటికీ పక్కన, నేను ఎదురుగా. నా చొక్కా జేబులో రెండు టికెట్లు, నా ఒళ్లో డబ్బా.

"అన్నా, నీ లెక్క తప్పలేదు" అన్నాను. "స్క్రీను ఆరిపోయి ఉంటే మొదటి నొక్కు దాన్ని లేపేదానికే పోతాది. పాట అయినాక ఒక నొక్కు ఎక్కువ నొక్కల్ల. ఆ సెట్టింగు నేనే పెట్టినా. పెట్టిన రోజే నాకు తెల్సు. చెప్పలే."

ఆయన చెయ్యి చాచాడు. డబ్బా ఇచ్చాను. ఒక పాట పెట్టి, దాన్ని చివరిదాకా పోనిచ్చాడు. బయట వేరుశనక్కాయలమ్మే ఆమె కిటికీలోంచి అడిగితే తల అడ్డంగా ఊపాడు. పాట అయిపోయింది. ఒకసారి నొక్కాడు. ఆగాడు. తర్వాత మూడుసార్లు, తర్వాత మధ్యది. దేవుని పాట వాయిద్యం మొదలైంది. దాన్ని ఆపి, స్క్రీను ఆరిపోయేంతసేపు ఊరుకుని, ఈసారి అమ్మ పాట తీశాడు. వచ్చింది.

"అయితే నా మతి పోలేదు" అన్నాడు. నాతో అనలేదు. డబ్బా మీద బొటనవేలు ఆడిస్తూ తనలో తానే అనుకున్నాడు. చాలాకాలం తర్వాత ఆ ముఖంలో, ఆ ఆదివారం పరుపు మీద కూర్చున్నప్పటి వెలుగు కొంచెం కనిపించింది. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"అన్నా, ఇట్లియ్యి. లైటు ఎప్పుడూ వెలిగేటట్ల మళ్లీ పెడతా."

"వద్దు. ఇట్లనే ఉండనీ. ధర్మవరం దాకా బ్యాటరీ రావల్ల కదా. ఒక నొక్కే కదా ఎక్కువ."

పక్క పట్టాల మీద ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. ఆ చప్పుడు అయ్యేదాకా ఆగి అడిగాడు.

"ఆరోజు నవ్వింది నువ్వే."

"నేనే అన్నా."

"దిగు."

"అన్నా..."

"ఈడనే దిగు. బండి కదుల్తాది."

దిగాను. కూత వేసి బండి కదిలింది. కిటికీలోంచి వాయిద్యం వినిపించింది, దాని మీద ఆయన గొంతు. ఏ పాటకు నొక్కాడో ఆ పాటే పాడుతున్నాడు. చివరి పెట్టె నన్ను దాటిపోయాక జేబు మీద చెయ్యి పడింది. ఆయన టికెట్ కూడా నా దగ్గరే ఉంది. పరుగెత్తాను, ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తాను. టీసీ వస్తే ఆయన ఏం చెబుతాడో తెలియదు. కొండ కింద పట్టాలు ఎండకు మెరుస్తుంటే, కండ్లు లేని మనిషి టికెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

బస్సులో హిందూపురం చేరి, ఇంటికి పోకుండా స్టేషన్లోనే కూర్చున్నాను. సాయంత్రం ప్యాసింజరు వచ్చింది. వేరుశనక్కాయల ఆమె భుజం మీద రెండు వేళ్లు ఆనించి అన్న దిగాడు. మెట్ల దగ్గర ఆమెకు ఏదో చెప్పి చెయ్యి తీసేశాడు. ఆమె వెళ్లిపోయింది. అక్కడి నుంచి గేటు దాకా ఆయనకు లెక్క తెలుసు. ఎవరినీ తాకకుండా, పెదవులు కదుపుకుంటూ, నిటారుగా నడిచి వస్తున్నాడు.

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. ఆయన రెండడుగుల దూరంలో ఆగాడు. నా ఊపిరి, నా చెప్పుల చప్పుడు, నా ఒంటి మీది దూది వాసన, పుట్టినప్పటి నుంచి ఆయనకు తెలిసినవే.

"కొంచెం దారియ్యప్పా" అన్నాడు, రైల్లో దారికి అడ్డం నిలబడిన ఎవరితోనైనా అన్నట్టు.

పక్కకు జరిగాను.